గడప లేని బడి

డెట్రాయిట్ వైపు నుంచి ఐమూలగా సాగివచ్చే నార్త్‌వెస్టర్న్ హైవే ఫార్మింగ్టన్ హిల్స్‌లో అడుగుపెట్టేసరికి ఇరువైపులా ఆఫీసు భవనాలు బారులు తీరతాయి. అద్దాల కిటికీలు, కార్లు నిలుపుకునే విశాలమైన జాగాలు, అంచులు కత్తిరించిన పచ్చిక. పొద్దున్న తెరుచుకుని సాయంత్రం దీపాలార్పుకునే మామూలు భవనాలు. వాటిలో ఒకదానిలో ఒక విశ్వవిద్యాలయం ఉండేది. ఉండేది అనడానికి నోరు రావడం లేదు. దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్. దానికి ఎరుపూ నీలం రంగుల్లో ఒక ముద్ర ఉంది. జ్ఞానమూ శ్రమా అని చాటే లాటిన్ నినాదం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల చదువు కోసం పుట్టామని చెప్పుకునే చరిత్ర ఉంది. అధ్యక్షుడు ఉన్నాడు, వెబ్‌సైట్ ఉంది, ఫీజుల పట్టిక ఉంది. పంతులు లేడు. పాఠం లేదు. బల్ల లేదు, బోర్డు లేదు, లైబ్రరీలో దుమ్ము పట్టిన ఒక్క పుస్తకమైనా లేదు.

ఆ బడిని కట్టింది దొంగలైతే ఇంత నొప్పి ఉండేది కాదు. కట్టింది అమెరికా ప్రభుత్వం. హోంలాండ్ సెక్యూరిటీ శాఖలోని ఇమిగ్రేషన్ అధికారులు 2015లో దాన్ని కాగితాల మీద నిలబెట్టారు. 2017 ఫిబ్రవరి నుంచి రహస్య అధికారులే యజమానులుగా, ఉద్యోగులుగా వేషం కట్టి కూర్చున్నారు. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఏ ఏ సంస్థలకు ఉందో తెలిపే జాబితా ఉండేది ఆ శాఖ చేతిలోనే. ఆ జాబితాలోనే ఈ పేరునూ చేర్చారు. అనుమానం వచ్చిన విద్యార్థి సరిచూసుకోవాలనుకుంటే వెళ్ళవలసిన చోటు అది. అక్కడికి వెళ్ళాడు, చూశాడు, పేరు కనిపించింది, నమ్మాడు. ఎండమావిని ఎండ పుట్టిస్తుంది, దానికి మనసు లేదు కనుక దాన్ని తిట్టలేం. ఈ ఎండమావిని మనుషులు కూర్చుని, జీతాలు తీసుకుంటూ, ఫైళ్ళు రాసుకుంటూ పుట్టించారు. ఆరు వందల మందికి పైగా దాని వైపు నడిచారు. దాదాపు అందరూ భారతీయులు. అందులో పెద్ద పాలు మన తెలుగు పిల్లలు.

డబ్బు పోయింది, వీసా పోయింది. వాటి లెక్క కోర్టులు చూస్తాయి. నా ఏడుపు ఇంకొకదాని కోసం. పరాయి నేల మీద ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి, ఆ బడి చుట్టూ తీగలా అల్లుకునే పడుచుతనం, తెలియని వీధిలో దారి తప్పి నవ్వుకునే సాయంత్రం, పేరు పలకడం రాని స్నేహితుడు, పరీక్ష ముందటి రాత్రి కాఫీ. మనిషి జీవితంలో ఒక్కసారే పూసే పువ్వు అది. ఆ పువ్వు కోసం ఏడుస్తున్నాను.

ఆ పువ్వు ఎలా ఉంటుందో నాకు దగ్గరగా తెలిసింది మా అక్క కూతురి వల్ల. హైదరాబాదులో చదువుకుంటూ, ఎక్స్‌చేంజ్ మీద ఒక సెమిస్టర్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గడిపింది. లైడెన్ లక్షా పాతిక వేల పైచిలుకు జనం ఉన్న ఊరు, మన దగ్గరైతే ఒక మాదిరి మునిసిపాలిటీ. ఈ పిల్ల ఫోన్ చేసిందంటే ఆ ఊరు నా ఇంట్లోకి వచ్చేది. "మామయ్యా, ఇవాళ నాలుగుసార్లు వాన, నాలుగుసార్లూ తడిశాను" అని సంబరంగా చెప్పేది. ఎవరో పాత విద్యార్థి దగ్గర కొన్న సైకిలు. దాని గంట మోగదు. అందుకని మలుపుల దగ్గర తనే తెలుగులో "జరగండి, జరగండి" అని అరిచేదట. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ జరిగేవారట. బుధవారం, శనివారం కాలువ ఒడ్డున సంత. అక్కడ వేడి పెనం మీద కాల్చి, మధ్యలో పాకం పూసి ఇచ్చే స్ట్రోప్‌వాఫెల్. చలికి గడ్డకట్టిన వేళ్ళతో దాన్ని పట్టుకుని, వేళ్ళు ముందు వెచ్చబడాలా నాలుక ముందు తీపెక్కాలా అని తేల్చుకోలేకపోయేదట. ఊరి గోడల మీద వందకు పైగా కవితలు రాసి ఉంటాయి, ఏ భాష కవిత ఆ భాష లిపిలో. రోజూ ఒక కొత్త గోడ వెతుక్కుంటూ వెళ్ళేది. చదవడం రాని లిపి ముందు కూడా కాసేపు నిలబడి వచ్చేది. "ఎందుకే, అర్థం కాదుగా?" అంటే, "అక్షరాలు బాగున్నాయి మామయ్యా, చూసొస్తే ఏం పోయింది?" అనేది.

ఏం పోయింది! ఆ మాట ఒక విద్యార్థి మాత్రమే అనగలదు. ఏమీ పోదన్న ధీమాతో తిరగగలిగిన రోజులు అవి.

లైడెన్ బడి పుట్టుకలోనే ఒక కన్నీటి కథ ఉంది. 1574లో స్పెయిన్ సైన్యం ఆ ఊరిని నెలల తరబడి ముట్టడించింది. ఆకలితో, జబ్బులతో వేలమంది రాలిపోయారు. చివరికి డచ్చివారు తమ గట్లు తామే తెంచి పొలాల మీదికి నీళ్ళు వదిలారు. ఆ నీటి మీద పడవలు నడిచివచ్చి, అక్టోబరు 3న ఊరికి రొట్టే చేపా అందాయి. నేటికీ ఆ రోజున ఊళ్ళో తెల్లరొట్టే హెర్రింగ్ చేపా పంచుతారు. ఆ మరుసటి ఏడు, 1575లో, ఆరెంజ్ ప్రభువు విలియం ఆ ఊరి ఓర్పుకు మెచ్చి విశ్వవిద్యాలయాన్ని ఇచ్చాడు. ఆకలికి ఓర్చిన ఊరికి బహుమానంగా బడి దక్కింది. చేప వాసన పడని మా పిల్ల కూడా ఆ రోజు వరసలో నిలబడి తన వంతు అందుకుని, చేపను పక్కనున్న అమ్మాయికిచ్చి రొట్టె తను తినింది. ఆ అమ్మాయి ఏ దేశమో కూడా నాకు చెప్పింది, మరిచిపోయాను. వాళ్ళిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

ఆ విశ్వవిద్యాలయపు పాత భవనంలో ఒక చిన్న గది ఉంది. దాన్ని చెమట గది అంటారు. పరీక్షకు పిలుపు కోసం, ఆ తర్వాత ఫలితం కోసం విద్యార్థులు గుండెలు దడదడలాడుతుంటే ఆ గదిలో కూర్చునేవారు. పట్టా చేతికొచ్చాక తిరిగి ఆ గదికే వెళ్ళి గోడ మీద సంతకం చేస్తారు. తరాల తరబడి సంతకాలు. ఒకదాని మీద ఒకటి, ఒకదాన్ని తోసుకుంటూ మరొకటి, నేల దగ్గర నుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా. గౌరవ పట్టాలు పుచ్చుకున్న చర్చిల్ పేరూ మండేలా పేరూ కూడా ఆ గోడ మీదే ఉన్నాయి, ఊరూ పేరూ తెలియని పిల్లల సంతకాల పొరుగున. ఆ గోడ ఫోటో మా పిల్ల పంపినప్పుడు చాలాసేపు చూశాను. ఒక్కొక్క సంతకం ఒక్కొక్క చెమటబొట్టు. నా చదువు నిజం, నేనిక్కడ ఉన్నాను, భయపడ్డాను, గట్టెక్కాను అని చెప్పే సాక్ష్యం. ఆ క్షణాన నాకు ఫార్మింగ్టన్ గుర్తుకొచ్చింది. ఆరు వందల మంది పిల్లలు. సంతకం చేసుకోవడానికి వాళ్ళకు గోడేది?

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికా తన తొలి తాతలని చెప్పుకునే పిల్‌గ్రిమ్ యాత్రికులు మేఫ్లవర్ ఓడ ఎక్కకముందు తలదాచుకున్నది ఈ లైడెన్‌లోనే. తమ మతాన్ని తమను ఆచరించుకోనివ్వని ఇంగ్లండు నుంచి పారిపోయి, 1609లో సుమారు వందమంది ఈ ఊరి పెద్దల్ని ఆశ్రయం అడిగారు. బుద్ధిగా, చట్టానికి లోబడి ఉండే నిజాయతీపరులెవరినీ మేం కాదనబోమని ఊరి సభ జవాబిచ్చింది. పదకొండేళ్ళు ఉన్నారు. వారి గురువు జాన్ రాబిన్సన్ 1615లో లైడెన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నాడు. అంటే ఆ యాత్రికుల పెద్ద ఒక విదేశీ విద్యార్థి. 1620లో కొందరు సముద్రం దాటి వెళ్ళారు. రాబిన్సన్ వెళ్ళలేదు, 1625లో ఆ ఊళ్ళోనే పోయాడు, అక్కడి పీటర్స్ చర్చిలోనే పూడ్చారు. ఏటా నవంబరులో థాంక్స్‌గివింగ్ బల్ల ముందు కూర్చుని ఆ యాత్రికుల్ని తలుచుకునే దేశం, తన గుమ్మంలోకి వచ్చిన విద్యార్థుల కోసం ఒక ఉత్తుత్తి బడిని కట్టింది. ఈ మాట రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది.

లైడెన్‌కూ మనకూ ఒక పాత చుట్టరికం కూడా ఉంది. డచ్చి ఓడలు మచిలీపట్నం రేవులో దిగింది పదిహేడో శతాబ్దం మొదట్లో. మన అద్దకం బట్టలు ఆ ఓడల్లో వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ళలో తెరలయ్యాయి, దుప్పట్లయ్యాయి. మన ఎండను చూడడానికి వచ్చిన డచ్చివాళ్ళు కొందరు భీమునిపట్నంలో సమాధి రాళ్ళ కింద ఉండిపోయారు. వ్యాపారం సంగతి అలా ఉంచుదాం. లైడెన్‌లో భారతీయ విద్యల కోసం కెర్న్ సంస్థను నెలకొల్పిన ఆచార్యుడు వోగెల్ మన నాగార్జునకొండ ప్రాకృత శాసనాలను చదివి ప్రకటించాడు. కృష్ణ ఒడ్డున మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల కాలంలో రాతి మీద చెక్కిన మాటలు, ఆ చలి ఊళ్ళో ఒక దీపం కింద మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి. వాటిలో ఒకటి బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం. ఆమె రాణి కాదు. శ్రీపర్వతం మీద తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, ద్రవిడం మొదలైన దేశాల వారికి ధర్మం పట్ల ప్రసన్నత కలిగించినవారని కొనియాడింది. ఒక చోట బోధివృక్షానికి గుడి, ఒక చోట చెరువు, మంటపం, ఒక చోట గది అంటూ తను ఎక్కడెక్కడ ఏం కట్టించిందో వరసగా చెప్పింది. ఎంత ముచ్చటైన జాబితా అది! పరదేశి వచ్చాడు, ఉండడానికి నీడ కావాలి, దాహానికి నీళ్ళు కావాలి, కూర్చుని చదువుకోవడానికి మంటపం కావాలి. పరాయి దేశపు చదువరికి ఒక గృహస్థురాలు తీర్చిన లోటు ఇదీ. ఆ కొండలోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. రాళ్ళను పైకి తీసి దీవి మీద దాచుకున్నాం. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత బోధిసిరి మునిమనవలు పరాయి నేల మీద చదువరులై నిలబడితే వాళ్ళకు మంటపం దొరకలేదు, వల దొరికింది.

ఓ ఫార్మింగ్టన్ హిల్స్, నిన్ను తిట్టడానికి నాకు మనసు రాదు. నువ్వు అందమైన దానివి. అక్టోబరులో నీ మేపుల్ చెట్లు తగలబడుతున్నట్టు ఎర్రబడి, నీ మైలు రోడ్లన్నీ, పన్నెండో మైలు, పదమూడో మైలు, పద్నాలుగో మైలు, రాలిన ఆకుల కుంకుమలో తడుస్తాయి. నీ హెరిటేజ్ పార్కులో రూజ్ నది పాయ చిన్నపిల్లలా తనలో తను మాట్లాడుకుంటూ పోతుంది. పక్కనే ఫ్రాంక్లిన్ దగ్గర 1837లో కట్టిన పాత పిండిమర ఇప్పుడు ఆపిల్ రసం తీస్తుంది. చలి మొదలైన శనివారాల్లో వేడి డోనట్ల వాసనకు జనం బారులు కడతారు. నీ పొరుగున నోవైలో వేంకటేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. నీ చుట్టుపక్కల తెలుగువాళ్ళు 1998 నుంచి సాహితీ సమితి పెట్టుకుని, కూర్చుని, తెలుగు పుస్తకాలు చదివి వాదించుకుంటున్నారు. నీ ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద నిజమైన కాలేజీ ఉంది, ఓక్‌లాండ్ కమ్యూనిటీ కాలేజీ వారి ఆర్చర్డ్ రిడ్జ్ క్యాంపస్, 1960ల నుంచి పాఠాలు చెబుతూ. నిన్ను ఆనుకుని ఉన్న ఫార్మింగ్టన్‌ను 1824లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు వచ్చి స్థాపించారు. బానిసత్వం నుంచి పారిపోయి కెనడా దారి పట్టిన నల్లవారికి ఆ క్వేకర్లలో కొందరు రాత్రివేళ తలుపు తీశారు. తలుపు తీసిన మట్టి నీది.

ఇంత అందం నీకుంది. నీ పేరు పెట్టుకున్న బడి పిల్లలకు అందులో ఆకు ముక్కైనా దక్కలేదు. వాళ్ళలో చాలామంది నిన్ను కళ్ళతో చూడనే లేదు. ఎవరో న్యూజెర్సీలో, ఎవరో టెక్సాస్‌లో, ఎవరో జార్జియాలో ఉంటూ నీ పేరు మీద ఫీజు కట్టారు. ఏ ఊరి విద్యార్థివి అని అడిగితే నీ పేరే చెప్పాలి. ఆ ఊళ్ళో టీ ఎక్కడ బాగుంటుందని అడిగితే చెప్పలేరు. మా పిల్లకు లైడెన్ మోకాలి మీద గీరుకున్న మచ్చగా కూడా మిగిలింది, ఒక వాన రోజు ఇటుకల వంతెన మీద సైకిలు జారిపడి. మన పిల్లలకు నువ్వు బడి ఇచ్చే ఐ-20 కాగితం మీద ఒక చిరునామాగా మిగిలావు.

కొందరికి తెలుసు. ఈ మాట దాచను. అక్కడ తరగతులు ఉండవనీ, ఉద్యోగం చేసుకుంటూ విద్యార్థి స్టేటస్ నిలుపుకోవడానికే ఈ బడి అనీ తెలిసే చేరారని ప్రభుత్వ న్యాయవాదులు కోర్టులో చెప్పారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. మరికొందరు తరగతులు ఎప్పుడు మొదలవుతాయని అడిగారు, సరైన జవాబు రాక వేరే చోటికి మారిపోయారు. కొందరు తాము చేరిన కాలేజీ గుర్తింపు పోగొట్టుకుంటే గత్యంతరం లేక వచ్చారు. అయినా తెలిసినవాళ్ళ కోసం కూడా నేను ఏడుస్తాను. ఎందుకంటే వాళ్ళను ఆ దారికి తోసిన సంగతులు నాకు తెలుసు. మాస్టర్స్ అయ్యాక ఓపీటీ కింద ఒక ఏడాది పని, సైన్సు, ఇంజనీరింగ్ చదివితే ఇంకో రెండేళ్ళు. ఆ లోపల హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. ఆ రోజుల్లో ఏటా ఇచ్చేవి 85 వేలు, అడిగేవాళ్ళు అంతకు రెట్టింపు పైనే. పేరు రాకపోతే గడువు ముగిసేలోగా ఇంకో బడిలో చేరాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. మొదటి రోజు నుంచే పని చేసుకోనిచ్చే సీపీటీ ఉందని ఎవరో చెబుతారు. ఇక్కడ ఊళ్ళో పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. అమ్మ నానుతాడు తాకట్టులో ఉంది. వీసా వచ్చిన నాడు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకున్న పిల్లవాడు, అప్పు తీరకుండా ఏ ముఖంతో దిగుతాడు శంషాబాద్‌లో? వాడికి కావలసింది చదువు కాదు, ఊపిరాడే కొంత వ్యవధి. చదువు పేరు పెడితే తప్ప ఆ వ్యవధి దొరకని లోకాన్ని వాడు కట్టలేదు.

విద్యార్థి అన్న మాట కాగితం మీద మిగిలి, విద్యార్థి బతుకు దాని కింద నుంచి జారిపోయింది. క్వార్టరుకు సుమారు 2,500 డాలర్లు, పై చదువుకు ఏడాదికి 11,000 డాలర్ల దాకా. అప్పటి మారకంలో ఏడు లక్షల రూపాయల పైచిలుకు. ఆ డబ్బుకు ఒక్క పాఠం రాలేదు, ఒక్క స్నేహం రాలేదు, నిద్రలేని ఒక్క పరీక్ష రాత్రి రాలేదు. ఏడాదికి ఏడు లక్షలు పోసి కొనుక్కున్నది ప్రతి నెలా పెరిగే భయం.

మధ్యలో దళారులున్నారు. ఎనిమిదిమంది. ఒక్కొక్క విద్యార్థిని తెచ్చినందుకు ఇంతని తీసుకుని, అందరూ కలిపి రెండున్నర లక్షల డాలర్లకు పైగా పుచ్చుకున్నారని నేరారోపణ. ఎనిమిదిమందీ నేరం ఒప్పుకున్నారు, శిక్షలు పడ్డాయి. వాళ్ళ పేర్లు చదివినప్పుడు ఇంకో బాధ కలిగింది. ఎక్కువ భాగం మన ఇళ్ళలో బారసాల నాడు బియ్యంలో రాసే పేర్లే. ఆరు వందల మందిని తెచ్చింది కూడా మనవాళ్ళే. "అన్నా, ఈ యూనివర్సిటీ ఓకేనా?" అని అడిగితే "ఏం భయం లేదు తమ్ముడూ" అన్నది మన భాషలోనే. దళారుల్ని పట్టుకోవాలంటే ప్రభుత్వానికి దారులు లేవా? ఎనిమిదిమంది కోసం ఆరు వందల బతుకుల్ని ఏళ్ళ తరబడి నీళ్ళలో నానబెట్టాలా?

నన్ను అన్నిటికన్నా కలచివేసేది చిన్న సంగతి. మంచు పడిన రోజుల్లో ఆ బడి ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టేది, వాతావరణం బాగాలేదు కనుక క్యాంపస్‌కు సెలవు అని. ఎవరో ఒక అధికారి పొద్దున్నే లేచి, కిటికీలోంచి మంచు చూసి, లేని తరగతులకు సెలవిచ్చాడు. మంచు సెలవు ఎంత తీపిగా ఉంటుందో మిషిగన్ పిల్లల్ని అడగండి. దుప్పట్లో ముడుచుకుని ఫోన్ చూసుకోగానే సెలవని కనిపిస్తే, గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి అరిచి, మళ్ళీ పడుకుని, మధ్యాహ్నానికి లేచి పప్పన్నం వండుకుని, బయటికెళ్ళి ఒకరి మీద ఒకరు మంచు విసురుకునే ఆ ఆటవిడుపు. ఆ ఆటవిడుపును కూడా వల అల్లడానికి దారంగా వాడుకున్నారు.

చివరికి 2019 జనవరి 30 వచ్చింది. ధ్రువపు గాలి మిషిగన్ మీదికి దిగి డెట్రాయిట్‌లో చలి సున్నాకు దిగువ 25 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన రోజు. ఆన్ ఆర్బర్‌లో సామాన్యంగా తలుపు మూయని మిషిగన్ విశ్వవిద్యాలయమే తరగతులు రద్దు చేసింది. నిజమైన బడులన్నీ పిల్లల్ని ఇంట్లో వెచ్చగా ఉండమన్నాయి. ఈ బడి తన పిల్లల తలుపులు తట్టింది. దేశంలో నలుమూలలా అరెస్టులు జరిగాయి. మొదటి రోజుల్లోనే పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ ఫిబ్రవరి 2న అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం అందించింది. తెలుగు సంఘాల వాళ్ళు లాయర్ల కోసం పరుగులు పెట్టారు, తెలిసినవాళ్ళకు తెలియనివాళ్ళకు ఫోన్లు చేశారు. ఆ వారం తెలుగు ఇళ్ళలో టీవీలు ఆగలేదు. "మా వాడిది ఆ కాలేజీ కాదు కదా?" అని పక్కింటివాళ్ళను అడగడానికి భయపడ్డ తల్లులు ఎందరో.

ఆ ఏడాది చివరికి అరెస్టులు సుమారు 250కి చేరాయి. వారిలో నూటికి ఎనభైమంది దాకా తమంత తామే దేశం విడిచి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. స్వచ్ఛందం అని దానికి పేరు. ఇది మొదటిసారి కూడా కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ప్లెజాంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు వీధిన పడ్డారు. ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. ఆ బడి యజమానురాలు ఒక ప్రైవేటు మనిషి. 2014లో ఆమెకు పదహారేళ్ళ జైలు పడింది. రెండేళ్ళు తిరగకుండా, 2016లో, న్యూజెర్సీలో ప్రభుత్వమే నడిపిన ఇంకో ఉత్తుత్తి విశ్వవిద్యాలయం బయటపడింది. ఆ పైన ఫార్మింగ్టన్. మోసపు బడి నడిపిన మనిషికి పదహారేళ్ళు. అదే పని ప్రభుత్వం చేస్తే దానికి ఆపరేషన్ అని పేరు పెట్టారు. కాగితాల వేట అని దానికి సంకేతనామం.

తిరిగొచ్చిన పిల్లలు ఏమయ్యారో పత్రికలు పెద్దగా రాయలేదు. కరీంనగర్‌లో, గుంటూరులో, నెల్లూరులో ఎక్కడో ఉండి ఉంటారు. ముప్పై దాటి ఉంటారు. కొందరికి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. పెళ్ళిచూపుల్లో "అమెరికా నుంచి ఎందుకొచ్చేశావు బాబూ?" అన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు అల్లుకుని ఉంటారు. ఆ జవాబు ఎన్నిసార్లు చెప్పినా గొంతులో మింగుడు పడని ముక్క ఒకటి ఉంటుంది. దొంగలు మోసం చేస్తే పోలీసులకు చెప్పుకోవచ్చు. పోలీసులే దొంగ బడి నడిపితే ఎవరికి చెప్పుకుంటారు?

ఒకరు చెప్పుకున్నారు. కట్టిన ఫీజుకు చదువు చెప్పలేదు, ఒప్పందం తప్పారు, డబ్బు తిరిగివ్వండని ఒక భారతీయ విద్యార్థి అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. ఇది రహస్య పరిశోధన, సార్వభౌమ ప్రభుత్వం మీద ఇలాంటి దావా చెల్లదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు 2022లో ఆ వాదాన్నే ఒప్పుకుని దావా కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. డబ్బు తీసుకుని చదువు చెబుతామని ఒప్పుకున్నది ప్రభుత్వమైనా సరే, ఆ ఒప్పందం గురించి అడిగే హక్కు విద్యార్థికి ఉందని తేల్చి కేసును మళ్ళీ కింది కోర్టుకు పంపింది.

కాబట్టి నేనూ అడుగుతున్నాను. ఆ బడి ఫీజుల కింద దాదాపు 60 లక్షల డాలర్లు వసూలు చేసింది. ఆ డబ్బు ప్రతి సెంటూ ఎవరిది వాళ్ళకు తిరిగివ్వండి. పాఠం అడిగిన పిల్లల పేర్ల పక్కన వీసా మోసం అని రాసిన మాట చెరిపెయ్యండి, మళ్ళీ ఏ దేశంలో చదవాలనుకున్నా ఆ మాట వాళ్ళకు అడ్డం రాకుండా. అవి ఇవ్వగలిగినవి, ఇవ్వండి. చెమట గదిలో ఒక సంతకం, సంతలో ఒక వేడి రొట్టె, తప్పిపోయిన దారిలో ఒక నవ్వు, ఇరవై మూడేళ్ళ వయసులో పరాయి ఊళ్ళో నిశ్చింతగా నిద్రపోయిన ఒక్క మంచు రోజు. ఇవి ఎలా తిరిగిస్తారో ఆ బడి కట్టినవాళ్ళే చెప్పాలి.